చిన్న ఆస్పత్రిలో వైద్యసేవల నాణ్యత: కొలిచే పద్ధతి, మెరుగుపరిచే దారి

ఉదయం పది గంటలకు రౌండ్స్‌లో డాక్టరుగారు “ఇక ఇంటికి వెళ్లిపోవచ్చు తాతా” అన్నారు. మధ్యాహ్నం మూడైంది. ఆ పెద్దాయన చొక్కా మార్చుకుని, సంచి ఒళ్లో పెట్టుకుని మంచం చివర కూర్చునే ఉన్నారు. ఆయన కూతురు నాలుగోసారి నా దగ్గరికి వచ్చి, “అక్కా, సూళ్లూరుపేట బండి తప్పిపోతే రాత్రికి మేం ఎక్కడ ఉండాలి?” అని అడిగింది. ఆ నెల మా ఆస్పత్రి నాణ్యత దస్త్రంలో మాత్రం ప్రతి గడిలోనూ టిక్కు ఉంది.

ఉత్తర చెన్నైలో నలభై పడకల ఆస్పత్రి మాది. మొదట నర్సుగా చేరాను, ఇప్పుడు నాణ్యత బాధ్యత చూస్తున్నాను. చుట్టుపక్కల తరతరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాలు, తడ, సూళ్లూరుపేట, నాయుడుపేటల నుంచి పొద్దున్నే రైలెక్కి వచ్చేవాళ్లు, తమిళులు, అందరూ మా రోగులే. ఇలాంటి ఆస్పత్రిలో ఖరీదైన సాఫ్ట్‌వేర్ ఉండదు, ప్రత్యేకమైన నాణ్యత విభాగం ఉండదు. ఉండనక్కర్లేదు కూడా. గీతల నోటుబుక్కు, గోడ గడియారం, గ్రాఫు కాగితం, వారానికి అరగంట కూర్చోగలిగే ముగ్గురు మనుషులు చాలు. ఆ ముగ్గురిలో ఒకరు డాక్టరు, ఒకరు నర్సు, ఒకరు బిల్లు కౌంటరు మనిషి అయితే మంచిది. ముగ్గురూ డాక్టర్లే అయితే ఆ అరగంటా కేసుల గురించిన కబుర్లతో గడిచిపోతుంది.

1. ముందు రోగి దారిలో నడవండి

ఒక సోమవారం ఉదయం గుర్తింపు కార్డు తీసి జేబులో పెట్టుకుని, ఓపీ చీటీ తీసుకుని వరుసలో కూర్చోండి. చీటీ కౌంటరు నుంచి డాక్టరు గది, అక్కడి నుంచి రక్తపరీక్ష, మళ్లీ డాక్టరు, చివరికి మందుల కౌంటరు. ప్రతిచోటా చేరిన సమయం, పని మొదలైన సమయం రాసుకోండి. ఒకే ప్రశ్నను ఎంతమంది అడిగారో లెక్కపెట్టండి. మరుగుదొడ్డి గడియ పడుతుందా, తాగునీటి దగ్గర గ్లాసు ఉందా, బోర్డుమీది అక్షరాలు అద్దాలు లేని పెద్దవాళ్లకు కనిపిస్తాయా చూడండి.

అభిప్రాయం రాయవద్దు, చూసింది రాయండి. “సిబ్బంది నిర్లక్ష్యం” అని రాస్తే గొడవ మొదలవుతుంది. “9:10కి పేరు పిలిచారు, 9:40 దాకా గదిలోకి ఎవరూ రాలేదు” అని రాస్తే పని మొదలవుతుంది.

తిరిగి వచ్చాక రాసుకున్నదాన్ని మూడు కుప్పలుగా విడదీయండి. ఈ విభజన చేసినవాడు అవెడిస్ డొనబెడియన్. బీరూట్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఈ వైద్యుడు 1966లో రాసిన ఒక వ్యాసంతో వైద్యసేవల నాణ్యతను చూసే తీరు స్థిరపడింది. నిర్మాణం అంటే ఉన్న వనరులు, మనుషులు. ప్రక్రియ అంటే వాటితో జరిగే పని. ఫలితం అంటే చివరికి రోగికి దక్కింది. ఇన్సులిన్ పెట్టే ఫ్రిజ్ ఉండటం నిర్మాణం. రోజుకు రెండుసార్లు దాని ఉష్ణోగ్రత చూసి 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉందని రాయడం ప్రక్రియ. రోగి చక్కెర అదుపులోకి రావడం ఫలితం. మన ఆస్పత్రులకు మొదటి కుప్ప అంటే మహా ఇష్టం, ఎందుకంటే దాన్ని ఫొటో తీయవచ్చు.

నిర్మాణం చిన్నవిషయమని అనడం లేదు. తమిళనాడు ప్రభుత్వం 1994లో మందుల కొనుగోలుకు ప్రత్యేక సంస్థను పెట్టి, రాష్ట్రమంతటికీ ఒకేచోట కొని, నమూనాలను ప్రయోగశాలల్లో పరీక్షించాకే ఆస్పత్రులకు పంపే ఏర్పాటు చేసింది. ప్రభుత్వాస్పత్రుల్లో మందుల కొరత తగ్గడానికి అది పెద్ద ఆధారమైంది. అయినా సరైన మాత్ర సరైన మనిషి నోటికి సరైన వేళకు చేరడం మాత్రం ఆ వార్డులోని మనుషుల చేతిలోనే ఉంటుంది.

2. ఒక్కటంటే ఒక్క సమస్యను ఎంచుకోండి

నడిచి వచ్చాక మీ దగ్గర ముప్పై సమస్యల జాబితా ఉంటుంది. ముప్పైనీ పట్టుకున్నవాళ్లు ఒక్కటీ బాగుచేయలేదు. మూడు ప్రశ్నలు వేసుకోండి: తరచుగా జరుగుతోందా? రోగికి హాని గానీ పెద్ద ఇబ్బంది గానీ కలుగుతోందా? దాన్ని మార్చడం మన చేతిలో ఉందా?

మూడో ప్రశ్న దగ్గరే చాలామంది పొరపడతారు. మా సమస్య డిశ్చార్జి ఆలస్యం. “అదంతా బీమా కంపెనీల వల్లే” అన్నారు మావాళ్లు. అయితే డిశ్చార్జికి తుది అనుమతిని అభ్యర్థన అందిన మూడు గంటల్లోగా ఇవ్వాలని బీమా నియంత్రణ సంస్థ 2024లోనే ఆదేశించింది. ఆ మూడు గంటలు మన చేతిలో లేవు సరే. అభ్యర్థన పంపడానికి మనం ఎంతసేపు తీసుకున్నాం? పైగా ఆ పెద్దాయన లాంటి సగంమందికి బీమాయే లేదు, వాళ్లు మరి ఎందుకు ఆగారు?

3. కొలతకు హద్దులు గీయండి

“డిశ్చార్జి సమయం” అంటే ఒక్కొక్కరికి ఒక్కో అర్థం. బిల్లు కౌంటరువాళ్లకు అది బిల్లు ముద్రించిన వేళ. నర్సుకు మంచం ఖాళీ అయిన వేళ. అందుకే ఒక వాక్యం రాసి గోడకు అంటించండి. మా వాక్యం ఇది: డాక్టరు కేసుషీటులో డిశ్చార్జి అని రాసిన నిమిషం నుంచి రోగి వార్డు గుమ్మం దాటిన నిమిషం వరకు. వైద్యుల సలహాకు విరుద్ధంగా వెళ్లినవాళ్లను, వేరే ఆస్పత్రికి పంపినవాళ్లను లెక్కలోకి తీసుకోం.

ఇన్‌ఫెక్షన్లు, పడిపోవడాల వంటివి కొలిచేటప్పుడు హారం, అంటే ఎన్నింటిలో జరిగిందన్న లెక్క, మరవకండి. “ఈ నెల మూత్రనాళపు గొట్టం వల్ల ముగ్గురికి ఇన్‌ఫెక్షన్” అంటే ఏమీ తెలియదు. ఆ నెలలో రోగులందరికీ కలిపి 600 రోజులు గొట్టం ఉందనుకుంటే, ప్రతి వెయ్యి గొట్టపు రోజులకు 5. వచ్చే నెల ఇద్దరే అయినా గొట్టపు రోజులు 250 అయితే లెక్క 8కి పెరుగుతుంది. సంఖ్య తగ్గిందని మిఠాయి పంచిన నెలలోనే పరిస్థితి దిగజారి ఉంటుంది.

4. ఏదీ మార్చకుండా రెండు వారాలు లెక్కపెట్టండి

ఇది కష్టమైన అడుగు, ఎందుకంటే చేతులు ఊరుకోవు. సమస్య కనిపించగానే సర్క్యులరు రాసేయాలనిపిస్తుంది. ఆగండి. ఇప్పుడున్న స్థితి తెలియకపోతే రేపు మెరుగుపడిందో లేదో తెలిసే దారి లేదు.

లెక్క సులువుగా తెలియడానికి ఒక ఉదాహరణ. పదకొండుమంది డిశ్చార్జికి పట్టిన నిమిషాలు, తక్కువ నుంచి ఎక్కువకు పేర్చితే: 150, 190, 205, 230, 240, 260, 275, 290, 310, 340, 620. సగటు దాదాపు 283. కానీ ఆ చివరి 620, బీమా కాగితాల్లో ఇరుక్కున్న ఒక్క మనిషిది. అది మొత్తం సగటును పైకి లాగేసింది. వరుసలో సరిగ్గా మధ్యన ఉన్న ఆరో సంఖ్య 260, దీన్నే మధ్యగతం అంటారు. మామూలు రోగి అనుభవానికి ఇదే దగ్గర. అలాగని 620ని కొట్టేయకండి. ఆ మనిషి కథ విడిగా రాసుకోండి, ఒక్కోసారి అసలు సంగతి అందులోనే దొరుకుతుంది.

మొత్తం సమయంతో పాటు మధ్యలోని మజిలీలు కూడా రాయాలి: సారాంశపత్రం టైపు అయిన వేళ, మిగిలిన మందులు ఫార్మసీకి తిరిగి చేరిన వేళ, బిల్లు తయారైన వేళ, డబ్బు కట్టిన వేళ. ఐదు గడుల కాగితం కేసుషీటుకు గుచ్చితే చాలు. రోగి పేరు దానిమీద వద్దు, పడక సంఖ్య సరిపోతుంది. పాత కేసుషీట్లలోంచి లెక్క తీయవచ్చు కదా అంటారు కొందరు. భారతీయ వైద్యమండలి 2002 నిబంధనల ప్రకారం ఇన్‌పేషెంట్ల రికార్డులను మూడేళ్లు భద్రపరచాలి కాబట్టి అవి ఉంటాయి. కానీ వాటిలో సమయాలు తరచుగా తర్వాత కూర్చుని నింపినవే. అన్నీ పది, పదిన్నర, పదకొండు అని గుండ్రంగా ఉంటే అనుమానించండి.

5. గ్రాఫు గీయండి, చేత్తోనే

అడ్డంగా రోజులు, నిలువుగా ఆ రోజు మధ్యగతం. రెండు వారాల చుక్కలు పెట్టాక వాటన్నింటి మధ్యగతం దగ్గర అడ్డగీత గీయండి. ఇక రోజూ ఒక చుక్క. ఒకరోజు తగ్గిందని పొంగిపోవద్దు, ఒకరోజు పెరిగిందని ఎవరినీ పిలిచి నిలదీయవద్దు. చుక్కలు పైకీ కిందికీ ఊగడం సహజం. వరుసగా ఆరు చుక్కలు గీతకు ఒకే పక్కన పడితే నిజంగా ఏదో మారిందని అర్థం. వరుసగా ఐదు చుక్కలు పెరుగుతూనే పోయినా, తగ్గుతూనే పోయినా అదే మాట.

గ్రాఫును యజమాని గదిలో పెట్టకండి. నర్సుల బల్ల ఎదుట పెట్టండి.

6. కారణం కోసం కుర్చీలోంచి లేవండి

సమావేశంలో కారణాలు అడిగితే అందరూ పక్క విభాగం పేరు చెబుతారు. నేను రెండు రోజులు ఒక్కో కేసుషీటు వెంట నడిచాను. డాక్టరు పదింటికి డిశ్చార్జి రాసిన షీటు వార్డు బల్లమీద పన్నెండున్నర దాకా కదలలేదు. ఎందుకు? రౌండ్స్ మొత్తం పూర్తయ్యాక అన్ని షీట్లనూ ఒకేసారి టైపిస్టు దగ్గరికి పంపుతారు. ఎందుకు? వార్డుబాయ్ ఒక్కడే, రెండుసార్లు మెట్లెక్కడం ఎందుకని ఎప్పుడో ఎవరో పెట్టిన పద్ధతి. పన్నెండున్నరకు ఫార్మసీ అబ్బాయి భోజనానికి వెళతాడు. మందులు వాపసు తీసుకునేవాళ్లు లేక బిల్లు ఆగుతుంది. ఎవరూ సోమరులు కారు. అందరూ తమ పని సరిగానే చేస్తున్నారు, అయినా పెద్దాయన మంచం చివర కూర్చునే ఉన్నారు.

ఎందుకు, ఎందుకు అని అడుగుతూ పోతే ఒక మనిషి పేరు దగ్గర ఆగితే, మరో ప్రశ్న వేయండి. పద్ధతి దగ్గర ఆగితేనే మార్చడానికి ఏదైనా దొరికినట్టు.

7. చిన్నగా మార్చండి, కాపలా లెక్క పెట్టుకోండి

ఒక వార్డు, ఒక డాక్టరు, ఒక రోజు. ఇంతకన్నా పెద్ద ప్రయోగంతో మొదలుపెట్టకండి. ఏం మారుస్తామో, ఏం జరుగుతుందని అనుకుంటున్నామో ముందే రాయాలి. చేయాలి. అనుకున్నదానికీ జరిగినదానికీ తేడా చూడాలి. దాన్నిబట్టి ఉంచుకోవాలి, సవరించాలి, లేదా వదిలేయాలి. అమెరికా నాణ్యతా నిపుణులు షూహార్ట్, డెమింగ్ కర్మాగారాల కోసం రూపొందించిన చక్రం ఇదే. పుస్తకాల్లో ఇది చక్కగా గుండ్రంగా ఉంటుంది. వార్డులో ఇలా ఉంటుంది:

మా మొదటి మార్పు: రేపు వెళ్లేవాళ్లెవరో డాక్టరు ఈ రోజు సాయంత్రమే చెబుతారు, రాత్రి డ్యూటీ వాళ్లు సారాంశపత్రం సిద్ధం చేసి ఉంచుతారు. మొదటిరోజు అద్భుతంగా జరిగింది, ఒకరు పదకొండున్నరకే ఇంటికి వెళ్లారు. మూడోరోజు ఒక సిస్టరు సారాంశం చదివి వినిపిస్తూ ఆగిపోయింది. పొద్దున రౌండ్స్‌లో డాక్టరు రక్తపోటు మాత్రను సగానికి తగ్గించారు. రాత్రి టైపు చేసిన కాగితంలో పాత మోతాదే ఉంది. ఆమె ఆగకపోయి ఉంటే ఆ రోగి నెలరోజులు రెట్టింపు మందు మింగేవాడు.

వేగం కోసం భద్రతను అమ్ముకున్నామన్నమాట. అందుకే ఏ మార్పుకైనా పక్కన ఒక కాపలా లెక్క ఉండాలి: ఇది బాగుపడుతుంటే ఇంకేది చెడుతోంది? మేం సారాంశాల్లో దొరికిన తప్పులనూ, వారంలోపు మళ్లీ చేరినవాళ్లనూ లెక్కపెట్టడం మొదలుపెట్టాం. రెండో ప్రయోగంలో మందుల పట్టికను ఖాళీగా వదిలి, రౌండ్స్ తర్వాత కేసుషీటు చూసి ఇద్దరు నింపేలా మార్చాం. షీట్లు ఒక్కొక్కటిగా కదిలేలా చేశాం. ఫార్మసీ అబ్బాయి భోజనవేళను గంట ఆలస్యంగా మార్చాం. ఈ చివరిదానికి పైసా ఖర్చు కాలేదు, గ్రాఫు మీద ఎక్కువగా కనిపించింది కూడా ఇదే.

8. కొన్నింటికి ప్రయోగాలు అక్కర్లేదు

ప్రాణాపాయం తెచ్చే తప్పులు ఎక్కడ జరుగుతాయో ప్రపంచానికి ముందే తెలుసు. వాటిని మళ్లీ కనిపెట్టాల్సిన పని లేదు.

మన దేశంలో ఇన్సులిన్ రెండు గాఢతల్లో దొరుకుతుంది: మిల్లీలీటరుకు 40 యూనిట్లు, 100 యూనిట్లు. ఎర్రమూత సిరంజి మొదటిదానికి, నారింజమూత సిరంజి రెండోదానికి. వంద యూనిట్ల మందును ఎర్రమూత సిరంజిలోకి తీస్తే రెండున్నర రెట్ల మోతాదు లోపలికి వెళుతుంది. రెండు రకాలూ ఒకే ట్రేలో ఉంటే రాత్రి మూడింటికి ఎంత మంచి నర్సయినా పొరబడవచ్చు. వార్డులో ఒక్క రకమే ఉంచండి. అలాగే పలుచన చేయని పొటాషియం క్లోరైడ్ ఆంపూల్స్‌ను మామూలు వార్డు అల్మారాలోంచి తీసేయండి.

ఆపరేషను గదిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఇచ్చిన 19 అంశాల తనిఖీ పట్టిక వాడండి. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల్లో చేసి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, దీనివల్ల శస్త్రచికిత్స తర్వాతి మరణాలు 1.5 శాతం నుంచి 0.8కి తగ్గాయి. కానీ కెనడాలోని ఒంటారియోలో ఆస్పత్రులన్నింటికీ తప్పనిసరి చేశాక 2014లో లెక్క చూస్తే చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఇందుకు కారణాలపై వాదనలు ఉన్నాయి. నేను చూసినంతలో, పట్టికను గట్టిగా చదివి అందరూ ఆగి వినే గదికీ, ఆపరేషను అయ్యాక కూర్చుని టిక్కులు పెట్టే గదికీ చాలా తేడా ఉంది. అందుకే నింపిన పట్టికలను లెక్కించకండి. వారానికి రెండుసార్లు గదిలో నిలబడి చూడండి.

చేతుల శుభ్రతా అంతే. రోగిని తాకేముందు, సూది వంటి శుభ్రమైన పనికి ముందు, రక్తం వంటి ద్రవాలు అంటుకునే పని తర్వాత, రోగిని తాకాక, మంచం చుట్టుపక్కల వస్తువులు తాకాక: ఈ ఐదు సందర్భాల్లో ఎన్ని వచ్చాయి, ఎన్నింటిలో చేతులు శుభ్రం చేసుకున్నారు? మీరు కాగితం పట్టుకుని నిలబడితే అందరూ బుద్ధిమంతులైపోతారు, కాబట్టి నెలకు ఎన్ని శానిటైజర్ సీసాలు ఖర్చయ్యాయో కూడా సరిచూడండి. సీసాలు మొహమాటపడవు.

9. రోగి మాట రోగి భాషలో

ఒక రాత్రి నాయుడుపేట వైపు నుంచి వచ్చిన ఒకామె సిస్టరుతో “ఆయాసంగా ఉందమ్మా” అంది. సిస్టరు తమిళురాలు, పనిమంతురాలు. తమిళంలో ఆయాసమంటే అలసట. అలసటగా ఉందని షీటులో రాసి, పడుకోమని చెప్పింది. అరగంట తర్వాత నేను వెళ్లి ఊపిరి లెక్కపెడితే నిమిషానికి 32. పెద్దవాళ్లకు 12 నుంచి 20 ఉండాలి. తప్పు ఎవరిదని వెతికితే దొరకదు. మాట ఒకటే, అర్థాలు రెండు.

చెన్నై, బెంగళూరు లాంటి నగరాల్లో ఇది నాణ్యత సమస్యే. ఉత్త మర్యాద సమస్య అనుకోవద్దు. మేం చేసినవి: చేర్చుకునేటప్పుడే షీటుపై రోగి భాష రాయడం. ప్రమాద లక్షణాలు చెప్పే పన్నెండు మాటలు తెలుగులో, తమిళంలో పక్కపక్కన రాసి బల్లకు అంటించడం. ఆయాసమంటే మూచ్చు తిణరల్ అని అందులో మొదటి వరుస. ఎవరైనా ఆయాసమంటే ముందు ఊపిరి లెక్కపెట్టాలన్న నియమం.

ఇంటికి పంపేటప్పుడు “అర్థమైందా?” అని అడగకండి. అందరూ తల ఊపుతారు. “ఇంటికి వెళ్లాక ఈ మాత్రలు ఎప్పుడెప్పుడు వేసుకుంటారో నాకొకసారి చెప్పండి, నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకుంటాను” అనండి. వారానికి పదిమందిని ఇలా అడిగి, ఎంతమంది తప్పులేకుండా చెప్పారో రాయండి. అది మీ నర్సుల మార్కులు కాదు, మీ వివరణకు మార్కులు. ఇంటికి వెళ్లిన మూడోరోజు ఫోనుచేసి అడిగితే ఇంకా నిజం తెలుస్తుంది. వార్డులో ఉండగా నింపించే సంతృప్తి ఫారాలపై నాకు పెద్దగా నమ్మకం లేదు. రేపు సూది వేయబోయే మనిషికి ఎవరు తక్కువ మార్కులు వేస్తారు?

10. తప్పిన ప్రమాదాలను రాసుకోండి

ఆ రక్తపోటు మాత్ర సంగతి బయటపెట్టిన సిస్టరును అందరి ముందూ మెచ్చుకున్నాం. మరుసటి వారం అలాంటివి నాలుగు బయటికొచ్చాయి. అంతకుముందు అవి జరగలేదని కాదు, ఎవరూ చెప్పలేదు. రిపోర్టుల సంఖ్య పెరిగితే యాజమాన్యం కంగారుపడుతుంది. పెరగడం తొలినాళ్లలో మంచి సంకేతమని ముందే చెప్పి ఉంచండి. తమిళనాడులో ప్రతి ప్రసూతి మరణాన్నీ సమీక్షించే పద్ధతి చాలాకాలంగా నడుస్తోంది. ఇంటి నుంచి బయలుదేరడం, వాహనం దొరకడం, ఆస్పత్రిలో వైద్యం అందడం, ఏ మజిలీలో ఆలస్యమైందో చూస్తారు. మీ చిన్న సంఘటనలకూ అదే పద్ధతి వాడండి. ఫారంలో పేరు గడి పెట్టకండి.

11. బయటివాళ్ల కొలబద్దలు

ప్రభుత్వాస్పత్రులకు 2013 నుంచి జాతీయ నాణ్యతా హామీ ప్రమాణాలు ఉన్నాయి. ప్రైవేటు ఆస్పత్రులు ఎక్కువగా ఎన్ఏబీహెచ్ (ఆస్పత్రులకు గుర్తింపునిచ్చే జాతీయ మండలి) గుర్తింపుకు వెళతాయి, యాభై పడకల వరకు ఉన్నవాటికి వేరే ప్రమాణాలున్నాయి. ఆ ప్రమాణాల పుస్తకం తెచ్చుకుని మీరు మరిచిపోయినవి ఏమున్నాయో చూసుకోండి, చాలా ఉపయోగం. తనిఖీకి నెల ముందు రాత్రుళ్లు కూర్చుని పాత తేదీలతో రిజిస్టర్లు నింపే పనికి మాత్రం దిగవద్దు. ఒకసారి ఆ అలవాటు పడితే మీ అసలు లెక్కలను కూడా ఎవరూ నమ్మరు.

12. నిలబెట్టుకోవడం

గ్రాఫు బాగుపడి, రెండు నెలలు అలాగే ఉంటే రోజూ లెక్కపెట్టడం ఆపండి, మనుషులు అలసిపోతారు. నెలకు ఒక వారం చాలు. కొత్త పద్ధతిని కొత్తగా చేరే సిస్టర్ల శిక్షణలో కలపండి, మీరు సెలవులో ఉన్నప్పుడు నోటుబుక్కు ఎవరి దగ్గర ఉంటుందో రాసిపెట్టండి. నేను పదిరోజులు ఊరికి వెళ్లివచ్చేసరికి షీట్లు మళ్లీ బల్లమీద గుట్టగా కనిపించాయి, ఎందుకంటే కొత్త వార్డుబాయ్‌కి సంగతి ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు మా డిశ్చార్జి గ్రాఫు ప్రతినెలా మొదటి వారం మాత్రమే గీస్తాం. మిగతా మూడు వారాలూ ఆ గోడమీద ఇన్సులిన్ లెక్క ఉంటుంది.